శ్రామిక స్త్రీల చెలిమి: యుద్ధానంతర బ్రిటిష్ సాగా నవలలు

బ్రిటనులోని చిన్న పట్టణముల పౌర గ్రంథాలయములలో ఒక బీరువా సాధారణముగా కనబడును. అందులోని పుస్తకముల అట్టలన్నియు ఒకే పోలికగా నుండును. ఇద్దరు ముగ్గురు పడుచులు చేయి చేయి పట్టుకొని నడచి వచ్చుచుందురు. ఒకతె తలకు రుమాలు, ఒకతెకు నర్సు టోపీ, ఇంకొకతెకు మోకాళ్లు దాటిన పనికోటు. వారి వెనుక ఎఱ్ఱ ఇటుకల ఇండ్ల వరుస. ఆ వరుస చివర ఒక పొగగొట్టమో, ఓడలరేవులోని క్రేనో. పుస్తకముల పేర్లు కూడ అక్కచెల్లెండ్రవలె నుండును: ఓడల కార్ఖానా అమ్మాయిలు, రైల్వే అమ్మాయిలు, దుకాణపు అమ్మాయిలు. అట్టలు నలిగి, పుటలు మెత్తబడి, ఎన్నో చేతులు మారినట్లు తెలియుచుండును. వీనినే అచటివారు సాగా నవలలందురు. ఈ నవలలలో పనిచేయు స్త్రీల మధ్య స్నేహము ఎట్లు చిత్రింపబడినది, ఆ చిత్రమునుండి మనము నేర్వదగిన దేమి అను విషయమును ఈ ప్రసంగములో ముచ్చటింపదలచితిమి.

సాగా అను మాట ఐస్లండు దేశపు ప్రాచీన గద్యకథలకు పేరు. వంశముల చరిత్రను, పగలను, పొత్తులను తరతరములుగా చెప్పుకొని పోవుట వాని తీరు. గాల్స్‌వర్దీ తన ఫోర్‌సైట్ కుటుంబపు నవలలను 1922లో ఒక్క సంపుటముగా వెలువరించినపుడు ఆ పేరునే గైకొనెను. అది ఆస్తిపరుల కథ. ఇండ్లు, వాటాలు, వీలునామాలు దాని ప్రాణము. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప ఆ పేరు మేడలు దిగి పేదల వీధిలోనికి వచ్చినది. ఉత్తర ఇంగ్లండు మిల్లులలోని స్త్రీలు చెక్క అడుగులు గల జోళ్లు తొడిగి, శాలువ కప్పుకొని పనికి పోయెడివారు. అందుచేత పుస్తక వ్యాపారులు ఈ కొత్త నవలలకు జోళ్లు శాలువల కథలని కొంత ప్రేమతోను, కొంత ఎగతాళిగాను మారుపేరు పెట్టిరి.

ఈ మార్గమునకు పెద్దదిక్కు కాథరిన్ కుక్సన్. ఆమె 1906లో టైను నదీతీరమున టైన్ డాక్ అను పేదల పేటలో జన్మించెను. తల్లికి పెండ్లి కాలేదు. అమ్మమ్మ తాతలే తన తలిదండ్రులనియు, కన్నతల్లి తన అక్కయనియు ఆమె బాల్యమున నమ్మినది. చిన్నతనముననే బడి విడిచి, పరుల యిండ్లలో పనిచేసి, ఆ తరువాత నిరుపేదల కొరకు నడుపు శ్రమాలయములో బట్టలుతుకు శాలలో కుదిరినది. 1929లో దక్షిణమున హేస్టింగ్స్ పట్టణమునకు పోయి, అచటి శ్రమాలయపు ఉతుకుశాలకు పెత్తనము వహించెను. మొదటి నవల 1950లో వెలువడినది. 1998లో మరణించునాటికి తొంబదికి మించిన పుస్తకములు వ్రాసినది. బ్రిటనులో 1979 నాటి చట్టము ననుసరించి గ్రంథాలయములలో ఎరువుపోయిన పుస్తకములకు రచయితలకు రుసుము ముట్టును. ఆ లెక్కలలో పదునైదేండ్లకు పైగా మొదటి స్థానము ఆమెదే. పనిచేసి చేతులు కాయలు గాచిన స్త్రీ వ్రాయగా, అట్టి చేతులే ఆ పుస్తకములను ఎరువు తీసికొనినవి.

ఐనను సాహిత్యచరిత్రలలో ఈ నవలలకు చోటు తక్కువ. ఇవి స్త్రీల కాలక్షేపమని విమర్శకులు ప్రక్కకు నెట్టిరి. ఈ చూపు మనకు కొత్తది కాదు. 1960, 1970 దశకములలో మన పట్టణములలోని అద్దె పుస్తకముల దుకాణములను తలచుకొనుడు. రచయిత్రుల నవలలకై అచట గృహిణులు, ఉద్యోగినులు, కళాశాల బాలికలు వరుస కట్టెడివారు. వంటయింటి సాహిత్యమని పెద్దలు పెదవి విరిచెడివారు. చదువువారిని చూచి పుస్తకపు విలువ కట్టుట అచటను ఇచటను ఉన్న అలవాటే. ఈ నవలలన్నియు గొప్పవని మేము చెప్పబోవుట లేదు. చాలవాని కథలు ఒకే మూసలో పోసినవి, పెండ్లితో ముగియునవి. కాని పెండ్లివరకు నడచు దారిలో వీరు ఒక సంగతిని శ్రద్ధగా గమనించిరి. ఆ సంగతియే శ్రామిక స్త్రీల చెలిమి.

కావ్యములలోని చెలికత్తెలను మనము ఎరుగుదుము. నాయిక విరహమును విని చల్లని మాట చెప్పుట, లేఖ మోసికొని పోవుట వారి పని. ఆ చెలికత్తెకు తనదంటూ కథ ఉండదు. తెల్లవారుజామున లేచి పోవలసిన కొలువు అంతకన్న ఉండదు. సాగా నవలలోని నేస్తము అట్టిది కాదు. ఆమెయు కూలికి పోవును. ఆమె స్నేహము చేయుటకు తీరిక లేదు, చోటు లేదు, డబ్బు లేదు. అందువలన ఆ స్నేహము మాటలలో కంటె పనులలో కనబడును. షిఫ్టు మార్చుకొనుట, చంటిబిడ్డను ఒక పూట చూచుట, అద్దె కట్టవలసిన నాడు ఐదు షిల్లింగులు సర్దుట, పై అధికారిణి అడిగినపుడు ఒక చిన్న అబద్ధము చెప్పుట. ఈ నవలలలో స్నేహమునకు వెల ఉన్నది. ఆ వెలను రచయిత్రులు పైసలతో సహా లెక్క చూపుదురు. మా దృష్టిలో వీని విలువ అచటనే ఉన్నది.

ఈ స్నేహములలో పెక్కింటికి మూలము యుద్ధము. 1941 డిసెంబరులో బ్రిటిషు ప్రభుత్వము స్త్రీలను కూడ నిర్బంధ సేవకు పిలుచు చట్టము చేసెను. ఇరువది మొదలు ముప్పది యేండ్ల లోపు పెండ్లికాని స్త్రీలు సైనిక సహాయ దళములలోనో, పౌర రక్షణలోనో, కర్మాగారములలోనో చేరవలసివచ్చెను. పూర్వము ఒకరి ముఖమొకరు చూడని స్త్రీలు ఒకే బల్లముందు నిలిచిరి. నాన్సీ రెవెల్ 2016లో ఆరంభించిన ‘షిప్‌యార్డ్ గర్ల్స్’ నవలామాల సండర్లాండు రేవులో, ఓడల కార్ఖానాలో వెల్డింగు పనిచేయు స్త్రీల కథ. అందులో రోజీ పనినేర్పు పెద్ద. గ్లోరియా నడివయస్సు ఇల్లాలు. హానా ప్రాగు నగరమునుండి ప్రాణములు దక్కించుకొని వచ్చిన యూదు బాలిక. వీరిని కలిపినది అభిరుచి కాదు, హాజరుపట్టీ. గ్లోరియాను భర్త కొట్టుచున్నాడను సంగతి ఆమె నోట వెలువడకముందే తోడివారికి తెలియును. దినమెల్ల ప్రక్కన నిలిచి పనిచేయువారి కంటికి దెబ్బల గుర్తులు దాగవు గదా. ఇంట దాచగలిగినది పనిచోట దాచలేకపోవుట, అదియే ఆమెకు మొదటి రక్ష అగుట, ఈ నవలామాలలో మేము చూచిన గట్టి సత్యము. నిజముగా ఆ రేవులో పనిచేసిన స్త్రీలకు సండర్లాండులో నేడు స్మారకశిల్పము కూడ కలదు.

ఎలేన్ ఎవరెస్ట్ వ్రాసిన ‘వూల్‌వర్త్స్ గర్ల్స్’ అట్టిదే. ఇదియు 2016లో మొదలైనది. కెంటు సీమలోని ఎరిత్ పట్టణమున, 1938లో, శారా, మేసీ, ఫ్రెడా అను ముగ్గురు ఒక్కసారిగా దుకాణములో కొలువునకు కుదురుదురు. అన్ని వస్తువులు చవుకగా అమ్ము వూల్‌వర్త్స్ దుకాణములు 1909లో లివర్‌పూలులో బ్రిటనున అడుగిడి, 2009 జనవరిలో చివరిది మూతపడువరకు ఆ దేశపు సామాన్యుల బజారుగా నుండినవి. ముగ్గురిలో ఫ్రెడాకు ఆ ఊరిలో తలదాచుకొను చోటు లేదు. శారా అమ్మమ్మ ఇంటిలో ఆమెకు గది దొరకును. స్నేహము ఇట్లు ముందుగా ఒక మంచము, ఒక పిడికెడు బొగ్గు, ఒక కప్పు తేనీరుగా కనబడి, ఆ తరువాతనే మమతగా మారును. యుద్ధము ముగిసినను ఆ నవలామాల ఆగలేదు. ఆ ముగ్గురి బిడ్డల కాలమువరకు సాగినది.

అసలు పరీక్ష యుద్ధానంతరమే మొదలైనది. బాంబులు పడుచున్నపుడు ఒకరికొకరు తోడగుట సులభము. భయము అందరిని దగ్గరకు చేర్చును. 1945లో శాంతి వచ్చినది. పురుషులు తిరిగి వచ్చిరి; వారి పని వారి కీయవలసివచ్చెను. తల్లులు కర్మాగారములకు పోవుటకై యుద్ధకాలమున తెరచిన దాదాపు 1,500 శిశుసంరక్షణ శాలలకు కేంద్రప్రభుత్వపు ధనసహాయము తగ్గగా, పెక్కు మూతపడినవి. మరి రెండేండ్లకే, 1947లో, ఎగుమతులకు చేతులు చాలక అదే ప్రభుత్వము స్త్రీలను మరల పనికి రండని పిలిచినది. పొమ్మన్నవారే రమ్మనిరి. కూలి మాత్రము పెరుగలేదు. కర్మాగారములలో స్త్రీ సంపాదన పురుషుని సంపాదనలో సుమారు సగము. సమాన వేతనమును విచారించిన రాయల్ కమిషను 1946లో నివేదిక యిచ్చినది. ఉపాధ్యాయినులకు, ప్రభుత్వోద్యోగినులకు అది దశలవారీగా అమలగునప్పటికి 1961 వచ్చినది. ఒకే బల్లముందు నిలిచిన స్త్రీలు చెదరిపోయిరి. ఇక కలుపుటకు హాజరుపట్టీ లేదు. ఇప్పుడు చెలిమి నిలుచునా? యుద్ధానంతర సాగాకు ఈ ప్రశ్నయే పునాది.

ఈ ప్రశ్నకు మంచి సమాధానము జీన్ ఫుల్లర్టన్ 2013లో ప్రకటించిన ‘కాల్ నర్స్ మిల్లీ’లో ఉన్నది. రచయిత్రి స్వయముగా లండను తూర్పుపేటలో పుట్టి పెరిగినది. ఇంటింటికి తిరుగు జిల్లా నర్సుగా పనిచేసినది. కథ 1945లో విజయోత్సవముతో మొదలగును. మిల్లీ సల్లివన్ ఇరువదియైదేండ్ల నర్సు, మంత్రసాని. వీధులలో జనము ఆడిపాడుచుండగా ఆమెకు తీరిక లేదు. ప్రసవములు ఉత్సవములకై ఆగవు గదా. ఆమె చెలికత్తె కాన్నీ. ఇద్దరు నర్సుల నివాసములో నుండి సైకిళ్లపై బయలుదేరి, కూలిన ఇండ్ల నడుమ రోగులను చూచుటకు పోవుదురు. కాన్నీ యుద్ధమునుండి రానున్న వరునికై ఎదురుచూచుచుండును. అతడు వేరొక దేశమున వేరొకతెను పెండ్లాడి తిరిగివచ్చును.

ఇట్టి ఘట్టమున కావ్యములోని చెలికత్తె విసనకఱ్ఱ పట్టి శోకోపచారము చేయును. జిల్లా నర్సులకు ఆ వీలు లేదు. గుండె పగిలినను మరునాటి ఉదయము కట్లు కట్టవలసిన పుండ్లున్నవి, తూచవలసిన పసికందులున్నారు. తోడి నర్సు దుఃఖమును ఓదార్చుట యనగా ఆమె పనిలో కొంత తాను మోయుట, ఆమెకు ఒంటరిగా ఒక గంట దొరకునట్లు చేయుట. పని దుఃఖమునకు అడ్డమగును, మందును అగును. ఈ ద్వంద్వమును అనుభవించినవారే ఎరుగుదురు. ఈ కథ రెండవ భాగములో 1948 జూలై 5వ తేది వచ్చును. జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమైన దినమది. అంతకుముందు నర్సు గడప తొక్కినచో ఖర్చెంతయని బీద యిల్లాలు తలచుకొనవలసిన కాలము. ఆనాటినుండి ఆ చింత తీరినది. కాని రోగుల సంఖ్య పెరిగినది, చేతులు పెరుగలేదు. ఆ తక్కువను పూరించినది నర్సుల పరస్పర సహాయమే.

రేషను సంగతి చెప్పక ఈ నవలల స్నేహమును వివరింపలేము. బట్టలకు రేషను 1941 జూన్‌లో వచ్చినది. మొదటి ఏడు మనిషికి 66 కూపనులు. ఉన్ని గౌను ఒకటి కొనవలెనన్న 11 కూపనులు పోవును. తరువాతి యేండ్లలో ఆ సంఖ్య ఇంకను తగ్గినది. 1949 మార్చివరకు ఈ కట్టడి తొలగలేదు. మాంసముపై రేషను 1954 జూలైవరకు నడచినది. అందుచేత సాగా నవలలో పెండ్లిబట్ట ఒక మహాఘట్టము. తలకొక రెండు కూపనులు వేసి బట్ట కొందురు. లేదా ఒకరి పెండ్లిగౌనునే విప్పి, బిగించి, మరల కుట్టి ముగ్గురు నలుగురు తొడుగుదురు. పారాచ్యూటు పట్టు దొరికినచో అదృష్టమే. నిజమునకు కూపనులు ఇతరుల కిచ్చుట చట్టవిరుద్ధము. 1947లో రాకుమారి ఎలిజబెత్ వివాహమునకు దేశములోని స్త్రీలెందరో తమ కూపనులు పంపగా, ఆ కారణముచేతనే వానిని తిరిగి పంపవలసివచ్చెను. రాజభవనమునకు చెల్లని సహాయము వీధిలో చాటుగా చెల్లినది. ఇంత చిన్న నేరములో ఎంత పెద్ద మనస్సున్నదో రచయిత్రులు చక్కగా చూపిరి.

కూపనుకంటె విలువైనది మరియొకటి కలదు, అది మౌనము. పెండ్లికాకముందు గర్భము వచ్చిన అమ్మాయి లేని సాగా అరుదు. ఆ కాలమున అది కొలువు పోవుటకు, ఇంటి తలుపు మూసికొనుటకు చాలిన కారణము. గర్భస్రావము 1967 నాటి చట్టము వచ్చువరకు నేరము. దొంగచాటు చికిత్సలు ప్రాణముల మీదకు తెచ్చినవి. దారి లేనివారిని మతసంస్థలు నడుపు ప్రసూతిగృహములకు పంపి, బిడ్డను దత్తునకిచ్చుట వాడుక. ఇట్టి సమయమున నేస్తము చేయునదేమి? తీర్పు చెప్పదు, ఊరక తోడు పోవును. రైలు టిక్కెట్టు కొనును. ఎవరైన అడిగినచో ఆమె మేనత్త ఇంట జబ్బు చూచుటకు పోయినదనును. ఏండ్లు గడచిన తరువాత కూడ ఆ మాట పొక్కనీయదు. కుక్సన్ బాల్యమును తలచినచో ఈ ఘట్టములకు మూలమెచటనో తెలియును. ఆమె యింటిలో రహస్యమును దాచినది సిగ్గు. ఆమె తరువాతివారి నవలలలో దాచునది కరుణ. దాచుట ఒక్కటే, దాని గుణము మాత్రము మారినది.

పెండ్లితో స్నేహమునకు మరియొక గండము. ఉద్యోగినికి పెండ్లియైనచో కొలువు మానవలెనను నియమము బ్రిటనులో చాలచోట్ల ఉండెను. ఉపాధ్యాయినులకు 1944లోను, ప్రభుత్వోద్యోగినులకు 1946లోను అది తొలగినను, బ్యాంకులలోను ఇతర సంస్థలలోను ఆచారముగా మరికొంతకాలము నిలిచినది. పెండ్లియైన నేస్తము వంటయింటి కిటికీనుండి చూచును. పెండ్లికాని నేస్తము పనినుండి తిరిగిపోవుచు చేయి ఊపును. ఒకతెకు తన జీతమను మాట పోయినది; రెండవదానికి తన యిల్లను మాట రాలేదు. ఈ నవలలలో మంచివి ఆ అసూయను దాచలేదు. 1946 ఆగస్టునుండి రెండవ బిడ్డ మొదలుకొని బిడ్డకు వారమునకు ఐదు షిల్లింగుల భత్యము వచ్చినది. దానిని తండ్రి చేతికి కాక తల్లి చేతికే ఈయవలెనని ఎలినార్ రాత్‌బోన్ పోరాడి సాధించెను. తపాలా కచేరి ముందు ఆ సొమ్మునకై నిలిచిన వరుసలో విడిపోయిన నేస్తములు మరల కలిసికొనుట ఎంత సహజము! పెద్ద శాసనముల ఫలము ఇట్టి చిన్నచోట్ల కనబడును.

ఇక రేడియో శ్రోతలమైన మనకు ఆసక్తి కలిగించు ఒక మాట. ఆనాటి కర్మాగారములలో స్త్రీలను కలిపిన వానిలో రేడియో కూడ ఒకటి. 1940లో మొదలైన పనివేళ సంగీతము, 1941నుండి 1964వరకు క్యాంటీనులనుండి ప్రసారమైన శ్రామికుల వినోదము, వేలమందిని ఒకే పాటకు గొంతు కలుపునట్లు చేసినవి. 1946 అక్టోబరులో బి.బి.సి. స్త్రీల కొరకు ‘వుమన్స్ అవర్’ ప్రారంభించినది. మొదట దానిని నడిపినది ఒక పురుషుడగుట విచిత్రము. ఇంట ఒంటరిగా మిగిలిన ఇల్లాండ్రకు ఆ గొంతులు నేస్తములైనవి. సాగా నవలయు అట్టి తోడే. ఒక పుస్తకములో ప్రక్కన నిలిచినది తరువాతి పుస్తకములో నాయిక యగును. చదువరి వారందరి రహస్యములు ఎరిగి, ఎవరికిని చెప్పని మరియొక నేస్తముగా వారి నడుమ కూర్చుండును.

ఇంతవరకు మెచ్చుకొంటిమి. ఇక లోపము చెప్పనిచో అది విమర్శ కాదు. ఈ స్నేహమునకు ఎల్లలున్నవి. 1948 జూన్ 22న విండ్‌రష్ ఓడ టిల్‌బరీ రేవునకు వెస్టిండియను ప్రయాణికులను తెచ్చినది. ఆ తరువాత నర్సులుగా, కార్మికులుగా అచటి స్త్రీలు వేలాదిగా వచ్చిరి. జాతీయ ఆరోగ్య సేవ వారి భుజములపై కూడ నిలిచినది. కాని సాగా నవలల అట్టలపై చేతులు కలిపి నడచు అమ్మాయిలలో వారు చాలకాలము లేరు. పాప్లర్ పేటలో మంత్రసానిగా పనిచేసిన జెన్నిఫర్ వర్త్ 2002లో తన జ్ఞాపకములను ‘కాల్ ద మిడ్‌వైఫ్’ అను పేర ప్రకటించెను. 2012లో అది టెలివిజను ధారావాహికగా వచ్చి, నర్సుల స్నేహమునకు జగత్ప్రసిద్ధి తెచ్చినది. అందులో సైతము జమైకానుండి వచ్చిన నర్సు లూసిల్ ముఖ్యపాత్రగా చేరినది 2018లో మాత్రమే.

ఈ కొఱతను మరియొక తీరు నవల ఎత్తి చూపినది. ఆండ్రియా లెవీ 2004లో వ్రాసిన ‘స్మాల్ ఐలండ్’ 1948 నాటి లండను కథ. జమైకాలో ఉపాధ్యాయినిగా శిక్షణ పొందిన హార్టెన్స్ ఆ నగరమునకు వచ్చి, తన చదువు చెల్లదని విని నిర్ఘాంతపోవును. ఇంటి యజమానురాలు క్వీనీ మంచిదే. ఆమెకు గది ఇచ్చినది, మాట కలిపినది. ఐనను ఆ యిద్దరి నడుమ చెలిమి పూర్తిగా కుదరదు. కడపట క్వీనీ తన నల్లజాతి బిడ్డను తాను పెంచలేనని ఆ దంపతుల చేతిలో పెట్టును. ఎంత నమ్మకము, ఎంత ఓటమి! ఒకే వీధిలో ఒకే చలికి వణకిన ఇద్దరు స్త్రీలు బిడ్డను చేతులు మార్చుకొనగలిగిరి గాని, చేతులు కలిపి నడువలేకపోయిరి. సాగాలు తీయగా చెప్పు మాటకు ఈ చేదు ప్రక్కన నుండుట మేలు.

మరియొక ఆక్షేపణ ఇంతకంటె లోతైనది. కూలి సగమైనచో నేస్తము అప్పిచ్చును. శిశుశాల మూసినచో నేస్తము బిడ్డను చూచును. భర్త కొట్టినచో నేస్తము తలుపు తీయును. యజమాని, ప్రభుత్వము, చట్టము తీర్పవలసిన బాకీని ప్రతిసారియు పేద స్త్రీయే పేద స్త్రీకి తీర్చుచున్నది. కథ చదివి మన కన్నులు చెమర్చును. బాకీపడినవాడు నవ్వుకొని పోవును. స్నేహమును ఇంత అందముగా చూపుట అన్యాయమునకు మేలిముసుగు వేయుట కాదా? ఈ ప్రశ్నను త్రోసిపుచ్చలేము. 1968 జూన్‌లో డాగెనామ్‌లోని ఫోర్డు కర్మాగారమున కారు సీట్ల ముసుగులు కుట్టు 187 మంది స్త్రీలు తమ పనిని నైపుణ్యము లేనిదిగా లెక్కించిరని యంత్రములు ఆపి బయటికి వచ్చిరి. మూడు వారములకు వారికి పురుషుల రేటులో 92 శాతము దక్కినది. 1970లో సమాన వేతన చట్టము వచ్చి, 1975 డిసెంబరులో అమలైనది. నైపుణ్యమునకు గుర్తింపు మాత్రము 1984వరకు రాలేదు. సాగాలలోని స్నేహము ఇట్టి గుమ్మమువరకు వచ్చి, తరచుగా అచటనే ఆగిపోవును.

ఐనను మా మాట ఇది. ఆ 187 మంది ఒకనాటి ప్రసంగము విని లేచినవారు కారు. జీతము పోవు వారములలో ఒకరినొకరు విడువమను నమ్మిక లేనిచో ఏ సమ్మెయు మూడు దినములు నిలువదు. ఆ నమ్మిక ఎచట తయారగును? టీ విరామములో, బస్సు వరుసలో, సర్దిన ఐదు షిల్లింగులలో, పొక్కనీయని మాటలో. సాగా నవలలు సమ్మె కథ చెప్పకపోవచ్చును గాని, సమ్మెకు ముందు ఇరువదేండ్లపాటు కుదురుకొనిన ఆ మూలధనమును లెక్కగట్టి చూపినవి. చరిత్రకారుల పుస్తకములలో శాసనముల తేదీలున్నవి. ఆ తేదీల నడుమ స్త్రీలు ఎట్లు బ్రదికిరో, ఎవరి చేయి పట్టుకొని గట్టెక్కిరో తెలిసికొనుటకు ఈ నలిగిన అట్టల పుస్తకములు కొంత తోడ్పడును.

ఆ కాలమున యౌవనములో నుండిన స్త్రీలలో పెక్కుమంది నేడు లేరు. వారి మనుమరాండ్రు ఆ కథలను ఎరువు తీసికొని చదువుచున్నారు. వానిలో కొంత అలంకారమున్నది, కొంత మఱపున్నది, కొంత నిజమున్నది. అట్టి పుస్తకము మీ చేతికి ఎపుడైన వచ్చినచో, కడపటి పుటలో పెండ్లి ఎవరితో జరిగినదని మాత్రమే చూడకుడు. ఆ పెండ్లిబట్టకు కూపనులు ఎవరెవరు వేసిరో, ఆనాటి షిఫ్టు ఎవరు మోసిరో, బయట నిలిచిపోయిన దెవరో కూడ చూడుడు.